వినికిడి పటం

ఎన్నో విషయాలను విన్నవానిని మన పూర్వులు 'బహుశ్రుతుడు' అన్నారు. విద్యకు చెవియే తొలి ద్వారమన్న భావం ఆ మాటలోనే ఉంది. శిశువు తాను విన్న భాషనే పలుకుతుంది. కావున మాటలు ఆలస్యమైన బిడ్డకు మొదట పరీక్షింపవలసినది నాలుకను కాదు, చెవిని.

సికింద్రాబాదులోని మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ వాక్ శ్రవణ వైకల్య సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. ఈ సంస్థ 1983లో బొంబాయిలో ఏర్పడింది. ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపకులపతిగా, తరువాత మహారాష్ట్ర గవర్నరుగా పనిచేసిన ప్రముఖుని పేరు దీనికి పెట్టారు.

ఇటువంటి కేంద్రానికి ఒక తల్లి మూడేళ్ళ బాలునితో వచ్చిందనుకొందాం. "పళ్ళెం కింద పడితే ఉలిక్కిపడతాడండీ. పిలిస్తే తిరిగి చూస్తాడు. వాళ్ళ నాన్నకూ ఆలస్యంగానే మాటలు వచ్చాయని మా అత్తయ్య అంటారు" అని ఆమె చెబుతుంది. ఈ సాక్ష్యం చాలదు. ఎందుకో ఆమె చేతికి వచ్చిన ఆడియోగ్రామ్ చెబుతుంది.

ఆ పటంలో ఎడమ నుండి కుడికి ధ్వని స్థాయి 250 నుండి 8000 హెర్ట్జ్ వరకు పెరుగుతుంది. పై నుండి కిందికి ధ్వని తీవ్రత డెసిబెల్స్‌లో పెరుగుతుంది. చెవులను విడివిడిగా పరీక్షించినప్పుడు ఎర్రని సున్న కుడి చెవిని, నీలి ఇంటూ గుర్తు ఎడమ చెవిని సూచిస్తాయి. బిడ్డ వినగలిగిన అతి మెల్లని ధ్వని వద్ద గుర్తు పెడతారు. పరీక్ష మార్కులకు ఇది విరుద్ధం: సంఖ్య పెరిగినకొద్దీ వినికిడి తగ్గినట్లు. 60 డెసిబెల్స్ అంటే 60 శాతం లోపమని అర్థం కాదు. పిల్లలలో 15 వరకు సాధారణం; 26 నుండి 40 స్వల్ప లోపం; 41 నుండి 55 మధ్యస్థం; 71 నుండి 90 తీవ్రం; 90 దాటితే అతితీవ్రం.

మన బాలునికి 500 హెర్ట్జ్ వద్ద గుర్తు 20లో ఉంది. 4000 వద్ద 65కు దిగింది. అచ్చుల బలం తక్కువ స్థాయిలో, శ, ష, స ల బలం ఎక్కువ స్థాయిలో ఉంటుంది. అందువల్ల అతనికి పిలుపు వినబడుతుంది, మాట తెలియదు. 'చెవిటివాని ముందు శంఖమూదినట్లు' అనే సామెత ఇక్కడ చెల్లదు. ఇతడు శంఖాన్ని వింటాడు. 'శంఖం'లోని శకారాన్ని వినడు.

బదులు చెప్పలేని పసివారికి నిద్రలో 'బెరా' పరీక్ష చేసి, శబ్దానికి శ్రవణనాడి స్పందనను కొలుస్తారు. 'ఓఏఈ' లోపలి చెవిని మాత్రమే పరీక్షిస్తుంది. అందులో నెగ్గినా నాడిలో లోపం ఉండవచ్చు. టింపనోగ్రామ్‌లో గీత శిఖరం లేక చదునుగా వస్తే కర్ణభేరి వెనుక నీరు చేరి ఉండవచ్చు. అది తరచుగా చికిత్సకు లొంగుతుంది. అన్ని ఫలితాలూ సాధారణమైతే అన్వేషణ ముగిసినట్లు కాదు. మాటల ఆలస్యానికి మరో కారణం వెదకాలి.

లోపం తేలితే శ్రవణ యంత్రం, వాక్ శిక్షణ, అతితీవ్రమైతే కాక్లియర్ ఇంప్లాంట్ ఉన్నాయి. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ ఈ శస్త్రచికిత్సను పేద పిల్లలకూ అందించింది. అయితే మెదడు భాషను సులభంగా గ్రహించే తొలి సంవత్సరాలు తిరిగి రావు. "వాడే మాట్లాడతాడులే" అని వేచి చూడడంలో పోయేది ఆ కాలమే.

కఠిన పదాలకు అర్థాలు
శ్రవణం = వినడం
వాక్కు = మాట
కర్ణభేరి = చెవిలోని పలుచని పొర

ప్రశ్నలు
1. పళ్ళెం చప్పుడుకు ఉలిక్కిపడిన బాలునికి మాటలు ఎందుకు రాలేదు?
2. ఆడియోగ్రామ్‌ను చదివే విధానాన్ని వివరించండి.