జాగ కొనే ముందు

 

మన ఊరు కాగజ్‌నగర్. కాగజ్ అంటే కాగితం. ఇదివరకు దీని పేరు కొత్తపేట. నిజాం కాలంలో సిర్పూరు కాగితం మిల్లు వచ్చింది. పేరు మారింది. ఊరు పెరిగింది. జాగల ధరలూ పెరిగాయి.

ఒక జాగ కొనాలి. రెండు గదులు కట్టి కిరాయికి ఇవ్వాలి. చాలామందికి ఈ ఆశ ఉంటుంది. ఆశ మంచిదే. మరి పైసలు ఎక్కడివి? నాలుగు దారులు చూద్దాం.

1. షావుకారు అప్పు

షావుకారు వెంటనే ఇస్తాడు. "నూటికి మూడు రూపాయలే" అంటాడు. అది నెల మిత్తి. అంటే ఏడాదికి నూటికి 36 రూపాయలు. లక్ష తెస్తే నెలకు 3,000 మిత్తి. 5 ఏండ్లలో 1,80,000 కడతాం. అయినా అసలు లక్ష అట్లనే ఉంటుంది!

2. బ్యాంకు అప్పు

బ్యాంకు మిత్తిని ఏడాది లెక్కన చెబుతుంది. నూటికి 9 రూపాయలు అనుకుందాం. లక్షకు నెలకు 2,076 రూపాయల కిస్తు. 5 ఏండ్లలో కట్టేది సుమారు 1,24,550. అసలు, మిత్తి రెండూ తీరిపోతాయి.

కాని బ్యాంకు మొత్తం ఖర్చుకు ఇవ్వదు. కొంత మన చేతి పైసలు పెట్టాలి. కాగితాలు కూడా సరిగ్గా ఉండాలి. రిజిస్ట్రీ కాగితం, పాత యజమానుల కాగితాలు, ఇల్లు కట్టేందుకు అనుమతి అడుగుతారు. ఇ.సి. కూడా కావాలి. ఆ జాగ ఎవరెవరి చేతులు మారిందో, దాని మీద రిజిస్టరైన అప్పు ఉందో లేదో ఇ.సి. చెబుతుంది. తెల్ల కాగితం మీద రాసుకున్న జాగకు బ్యాంకు అప్పు ఇవ్వదు.

ఏజెన్సీ ఊళ్లలో 1/70 చట్టం ఉంది. అది 1970లో వచ్చింది. అక్కడి భూమిని గిరిజనులకు తప్ప వేరేవారికి అమ్మరాదు. అమ్మినా చెల్లదు.

3. చిట్టీ

20 మంది నెలకు 5,000 వేస్తే లక్ష అవుతుంది. అవసరం ఉన్నవారు పాట పాడి తీసుకుంటారు. ఎంత తగ్గించి పాడితే అంత నష్టం. ఎత్తుకున్న తర్వాత కూడా మిగతా నెలలు కట్టాలి. చిట్టీలకు 1982 చట్టం ఉంది. రిజిస్టరైన చిట్టీలోనే చేరండి.

4. మహిళా సంఘం

1992 నుంచి పొదుపు సంఘాలకు బ్యాంకులు అప్పు ఇస్తున్నాయి. 2011లో స్త్రీనిధి వచ్చింది. సంఘం అప్పుకు జాగ కుదువ పెట్టే పని లేదు. కాని ఒకరు కట్టకపోతే అందరికీ ఇబ్బంది. జాగ మొత్తానికి ఈ పైసలు చాలకపోవచ్చు. గది రిపేరుకో, కిరాణా కొట్టుకో పనికి వస్తాయి.

జీతం ఆగినా కిస్తు ఆగదు

2014లో మన మిల్లు మూతపడింది. 2018లో జేకే పేపర్ కంపెనీ తీసుకొని మళ్లీ నడిపింది. నాలుగేండ్లు! పని లేని ఊళ్లో కిరాయికి ఎవరు వస్తారు? గది ఖాళీగా ఉన్నా కిస్తు తారీఖు వస్తుంది. మూడు నెలలు దాటినా కిస్తు కట్టకపోతే బ్యాంకు నోటీసు ఇవ్వవచ్చు. 60 రోజుల గడువు ఉంటుంది. అప్పటికీ కట్టకపోతే 2002 చట్టం కింద ఇంటిని స్వాధీనం చేసుకోవచ్చు.

అందుకే కిరాయిని నమ్మి అప్పు చేయకండి. కిరాయి రాకున్నా కట్టగలిగినంతే తీసుకోండి. ఆరు నెలల కిస్తు పైసలు ముందే పక్కన పెట్టండి. జాగ రిజిస్ట్రీలో మీ పేరు కూడా రాయించండి. ఏ కాగితమైనా చదివిన తర్వాతే సంతకం పెట్టండి. ఇప్పుడు మీకు చదువు వచ్చు కదా!

లెక్క చేయండి

50,000 అప్పు. నెలకు నూటికి 2 రూపాయల మిత్తి. నెలకు ఎంత? ఏడాదికి ఎంత?

మాట్లాడుకోండి

1. మీ ఇంటి జాగ ఎవరి పేరు మీద ఉంది?
2. ఒక నెల కూలి దొరకకపోతే మీ అప్పు కిస్తు ఎట్లా కడతారు?