చేతి గడియారంతో భూకంప పాఠం

2024 డిసెంబరు 4 ఉదయం 7.27కి ములుగు ప్రాంతంలో వచ్చిన భూకంపం (పరిమాణం 5.3) హైదరాబాదులోనూ తెలిసింది. మల్కాజిగిరిలో గడియారాల పిచ్చి ఉన్న మా మిత్రబృందంలో ఆ సాయంత్రం ఒకటే వాదన. కీ గడియారం వారు 7.25 అన్నారు, క్వార్ట్జ్ వారు 7.28 అన్నారు.

"టైము సంగతి అలా ఉంచండి. చిన్న అదురుకీ పెద్ద ఊపుకీ మధ్య ఎన్ని సెకండ్లు?" అన్నాను. ఎవరూ చూసుకోలేదు!

అసలు కీలకం అదే. భూకంపంలో ముందు వచ్చే ప్రాథమిక తరంగం భూమి పైపొరలో సెకనుకు సుమారు 6 కిలోమీటర్లు, వెనక వచ్చే ద్వితీయ తరంగం 3.5 కిలోమీటర్లు పోతాయి. దూరం పెరిగేకొద్దీ మెరుపుకీ ఉరుముకీ లాగే వీటికీ ఎడం పెరుగుతుంది. ఆ సెకండ్లను 8తో హెచ్చిస్తే దూరం ఉజ్జాయింపుగా వస్తుంది. 25 సెకండ్లయితే 200 కిలోమీటర్లు. గడియారం రెండు నిమిషాలు వెనకున్నా ఫరవాలేదు, సెకండ్ల ముల్లు సమంగా నడిస్తే చాలు.

1897 అస్సాం భూకంపాన్ని పరిశోధించిన ఓల్డ్‌హామ్ ఈ తరంగాలను యంత్రాల రికార్డుల్లో వేరుచేసి చూపారు. మన ఉప్పల్ రోడ్డులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ వంటి చోట్ల సైస్మోగ్రాఫులు ఉన్నదీ అందుకే. మనిషికి తెలియని తొలి అదురును అవి పట్టుకుంటాయి. అయితే ఒక్క కేంద్రం దూరమే చెబుతుంది. చోటు తేలాలంటే కనీసం మూడు కావాలి.

మిత్రులారా, ఈసారి నేల కదిలితే ముందు బల్ల కింద తల దాచుకోండి. సెకండ్లు అక్కడ కూర్చునీ లెక్కపెట్టవచ్చు.