ఎదుటివాని స్వభావము మనకు తెలియునా?

చదువవలసిన భాగములు: 1 సమూయేలు 16:1–13, యోహాను 11:1–27, అపొ. కార్యములు 15:36–41.



మిరప పంట చేతికి వచ్చిన దినములలో మనలో అనేకులు ఎనుమాముల మార్కెట్టుకు బస్తాలు తీసికొని పోవుదురు. వ్యాపారి వచ్చి, బస్తా మూతి విప్పి, గుప్పెడు కాయలు తీసి, రంగు చూచి, తేమ చూచి ధర చెప్పును. బస్తా అంతయు కుమ్మరించి చూడడు. మనుష్యుల విషయములో మనమును ఇట్లే చేయుచున్నాము. ఒక్క గుప్పెడు చూచి “వాడు కోపిష్ఠి”, “ఆమె పిరికిది”, “ఇతడు గర్విష్ఠి” అని ధర కట్టుదుము. అయితే మిరపకాయ ఇంటియొద్ద ఒక రంగు, మార్కెట్టులో ఒక రంగు చూపదు. మనుష్యుడో, ఇంట ఒక తీరుగాను, పొలములో ఒక తీరుగాను, గుడిలో మరియొక తీరుగాను కనబడును.

1. సమూయేలు చూచినది

సమూయేలు సామాన్యుడు కాడు. బాల్యము నుండి దేవుని మందిరములో పెరిగిన ప్రవక్త. అట్టివాడు బేత్లెహేములో యెష్షయి ఇంటికి వెళ్లి, పెద్ద కుమారుడైన ఏలీయాబును చూడగానే రాజు ఇతడే అనుకొనెను. మనుష్యుని కన్ను పైరూపమువరకే పోవుననియు, హృదయమును చూచువాడు తానే అనియు దేవుడు అతనికి నేర్పవలసి వచ్చెను. దావీదును కన్నతండ్రి సహితము ఆ పూట లెక్కలోనికి తీసికొనలేదు. అతడు గొఱ్ఱెలయొద్దనే యుండెను. ప్రవక్తయు తండ్రియు పొరపడిన చోట మనము పొరపడమా?

2. తరగతులు కట్టుట పాత అలవాటు

మనుష్యులను స్వభావమునుబట్టి విభజించుట నేటిది కాదు. పూర్వము గ్రీకు వైద్యులు దేహములోని నాలుగు రసములనుబట్టి నాలుగు విధముల మనుష్యులున్నారనిరి. మన ఆయుర్వేద వైద్యులు వాత, పిత్త, కఫ ప్రకృతులని చెప్పిరి. 1921లో స్విట్జర్లాండు వైద్యుడు కార్ల్ యూంగ్ తన గ్రంథములో అంతర్ముఖులను, బహిర్ముఖులను వేరుపరచి వ్రాసెను. ఆ గ్రంథము ఆధారముగా అమెరికాలో కాథరిన్ బ్రిగ్స్, ఆమె కుమార్తె ఇసబెల్ మైయర్స్ కలిసి పదునారు తరగతులు ఏర్పరచి, ప్రశ్నల పత్రము తయారుచేసిరి.

ఒక్క సంగతి గమనించుడి. ఆ పత్రమునకు జవాబులు వ్రాయవలసినది పొరుగువాడు కాడు, ఎవరి జవాబు వారే వ్రాయవలెను. అయినను కొన్ని వారములు గడిచిన తరువాత మరల వ్రాసినవారిలో అనేకులు వేరొక తరగతిలో తేలుచున్నారు. ఏలయనగా మనలో ఎక్కువమంది ఈ చివరనో ఆ చివరనో ఉండక నడుమనే యుందుము. తన్ను గూర్చి తానే స్థిరముగా చెప్పలేని మనుష్యుని, పక్క బల్లమీద కూర్చుండి మనము చెప్పగలమా?

3. తోమా, మార్త

తోమా అనగానే మనకు అనుమానపు మనిషి జ్ఞప్తికి వచ్చును. అయితే యోహాను 11:16 చదువుడి. యూదయకు తిరిగి వెళ్లుట ప్రాణాపాయమని తక్కిన శిష్యులు వెనుదీయుచుండగా, ప్రభువుతోకూడ చచ్చుటకైనను వెళ్లుదమని పలికినవాడు ఈ తోమాయే. మార్త అనగానే వంట పనులతో తొందరపడిన స్త్రీ జ్ఞప్తికి వచ్చును. అయితే సహోదరుడు చనిపోయిన దినములలో ప్రభువునకు ఎదురేగి, ఆయనే క్రీస్తని ఒప్పుకొనినది మార్తయే. ఆ వేళ మరియ ఇంటిలోనే కూర్చుండెను. ఒక్క అధ్యాయము చదివి వారికి పేరు పెట్టినవారు రెండవ అధ్యాయమును మరచిరి.

4. మేము చేసిన పొరపాటు

హనుమకొండకు చేరువలోనున్న మా గ్రామ సంఘములో కొన్ని సంవత్సరముల క్రిందట స్త్రీల సమాజమునకు నాయకురాలిని ఎన్నుకొనవలసి వచ్చెను. ఒక సహోదరి పేరు వచ్చినప్పుడు మేము, అనగా సంఘ పెద్దలము, “ఆమె నోరు మెదపదు, భయస్థురాలు” అని ఆ పేరు కొట్టివేసితిమి.

ఆ వానకాలములో మేము ఒక పొలము గట్టున నడచి పోవుచుంటిమి. నాట్లు వేయు స్త్రీల నడుమ పాట అందుకొనినది ఆ సహోదరియే. పది గొంతులు ఆమె వెంట పలుకుచుండెను. అంతలో పొలము ఆసామి వచ్చి, ఆలస్యముగా వచ్చిన ఒక వృద్ధురాలి కైకిలిలో సగము తగ్గించెదననెను. ఈమె బురదలోనుండియే తల యెత్తి, “ముసలామె వంతు మేము కలిసి వేసినం. పని తక్కువ కాలే. కైకిలెట్ల తక్కువైతది?” అని నిమ్మళముగా అడిగెను. ఆసామి మారు పలుకక పూర్తి కైకిలి ఇచ్చెను.

మేము సిగ్గుపడి, ఆమె ఇంటికి వెళ్లి, గుడిలో ఏల మాటలాడవని అడిగితిమి. ఆమె చెప్పినది ఇది: “కూటంల అందరు తలా ఒక వచనం చదువుతరు గద అయ్యగారూ. నాకు అక్షరం రాదు. పుస్తకం నా దిక్కు వస్తాందంటే గుండె దడదడ కొట్టుకుంటది.”

ఆమె పిరికిది కాదు. మేము ఏర్పరచిన పద్ధతి ఆమెను మౌనిని చేసెను. మేము చూచినది ఆమె స్వభావము కాదు, ఆమెను కూర్చుండబెట్టిన చోటు మాత్రమే. అప్పటినుండి కూటములో ఒకరు చదువగా అందరు వినుచున్నారు. నాయకత్వమును గూర్చి మరల అడుగగా, “వచ్చే ఏడు చూద్దాం అయ్యగారూ” అనెను. కొట్టివేసిన పేరు కాగితముమీద మరల వ్రాయుట సులభము, మనుష్యుని మనస్సులో వ్రాయుట సులభము కాదు.

5. త్వరపడిన విద్యార్థులు

ఇట్టి సంగతిని జాన్ డార్లే, డేనియల్ బాట్సన్ అను పరిశోధకులు అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో వేదాంత విద్యార్థులతో పరీక్షించి 1973లో ప్రకటించిరి. నలువదిమంది విద్యార్థులను ప్రసంగము చేయుటకై మరియొక భవనమునకు పంపిరి. కొందరి ప్రసంగాంశము మంచి సమరయుని ఉపమానమే. త్రోవలో ఒక మనుష్యుడు గుమ్మమునొద్ద కూలబడి దగ్గుచు మూల్గుచుండునట్లు ఏర్పాటు చేసిరి. ఆలస్యమైనదని త్వరపెట్టబడినవారిలో నూటికి 10 మంది చొప్పున సహాయము చేసిరి. తీరిక గలవారిలో నూటికి 63 మంది చొప్పున సహాయము చేసిరి. విద్యార్థుల భక్తి ఎట్టిదో ముందుగా ప్రశ్నలడిగి తెలిసికొనియుండిరి గాని, ఎవరు ఆగుదురో దానివలన తెలియలేదు. దాటిపోయినవారిని చూచి మనము కఠిన హృదయులని యుందుము. నిజమునకు వారు తొందరలో నుండిరి.

6. ఒంగోలులో వేచియున్న సేవకుడు

మన తెలుగు దేశములోనే ఒక మాదిరి కలదు. 1876–78 మహా కరవులో ఒంగోలు మిషనెరీ జాన్ క్లౌ గారు బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు తీసికొని, ఆకలిగొన్న వేలమందికి పని కల్పించిరి. బాప్తిస్మము కోరి అనేకులు వచ్చిరి. వీరు విశ్వాసముతో వచ్చిరో, అన్నము కొరకు వచ్చిరో ముఖము చూచి చెప్పగలనని ఆయన అనుకొనలేదు. కరవు సహాయము జరుగుచున్నంత కాలము బాప్తిస్మములు ఆపివేసిరి. సహాయము ముగిసిన తరువాతను జనులు వచ్చిరి. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆయన ఊహింపలేదు, వేచియుండెను.

7. మనము చేయవలసినది

అట్లయిన ఎవరిని గూర్చియు ఏమియు నిర్ణయింపరాదా అని మీరు అడుగవచ్చును. పెద్దలను ఎన్నుకొనవలెను, కానుకల పెట్టె ఒకరి చేతికి ఇయ్యవలెను, బిడ్డలకు సంబంధములు చూడవలెను. నిర్ణయింపక తప్పదు. అయితే మూడు సంగతులు మరువకుందము. మొదటిది, ఒక మనుష్యుని ఒక్క చోట గాక రెండు మూడు చోట్ల చూడవలెను. రెండవది, ఇతరులను గాక అతనినే అడుగవలెను. మూడవది, అతడు చేసిన పనిని గూర్చి మాటలాడవలెను గాని అతనికి పేరు పెట్టరాదు. “నిన్న అబద్ధమాడితివి” అనినయెడల దిద్దుకొనవచ్చును. “నీవు అబద్ధికుడవు” అనినయెడల దిద్దుకొనుటకు త్రోవ ఏది?

పంఫూలియలో విడిచిపోయిన మార్కును పౌలు మరల వెంటబెట్టుకొనుటకు ఒప్పుకొనలేదు. బర్నబా అతనిని చేర్చుకొనెను. అయితే కడపటి దినములలో అదే పౌలు, మార్కు పరిచర్యకు పనికివచ్చువాడు గనుక అతనిని తోడుకొని రమ్మని వ్రాసెను (2 తిమోతి 4:11). పౌలంతటివాడు తాను కట్టిన ధరను మార్చుకొనెను. మనమును మార్చుకొందము.

కూటములో ఆలోచించుటకు ప్రశ్నలు

1. మన సంఘములో మౌనముగా కూర్చుండువారు ఎవరు? వారిని పొలములో, ఇంటిలో ఎప్పుడైన చూచితిమా?
2. మన కూటపు పద్ధతులలో ఎవరికైన నోరు మూయించునవి కలవా?
3. మీరు ఒకరికి పెట్టిన పేరు తప్పని తెలిసిన తరువాత, వారియొద్దకు వెళ్లి ఒప్పుకొంటిరా?