ఛార్జర్ పెడితే బాక్సుల్లో గుయ్‌మని మోత

ప్రశ్న: కైకలూరులో పెళ్లిళ్లకు మైకు సెట్టు పెడతాను. ల్యాప్‌టాప్ నుంచి మిక్సర్‌కి పాటలిస్తుంటే, ఛార్జర్ పెట్టగానే గుయ్‌మని మోత. 24 బిట్, 192 కిలోహెర్ట్జ్ సౌండ్ కార్డు కొంటే పోతుందా? ఎర్త్ పిన్ను తీసేస్తే చాలంటున్నారు.

జవాబు: దయచేసి ఆ పిన్ను తీయకండి. పందిళ్లు తడి నేల మీద కూడా వేస్తుంటారు. పిన్ను లేనప్పుడు ఆంప్లిఫయర్‌లో కరెంటు తీగ బాడీకి తగిలితే, 230 వోల్టుల కరెంటు మైకు పట్టుకున్న మనిషి గుండానే భూమిలోకి పోవచ్చు.

కొత్త కార్డుతోనూ లాభం లేదు. బిట్లు, కిలోహెర్ట్జ్‌లు కార్డు లోపలి నాణ్యతను చెప్పే అంకెలు. ఛార్జర్ తీయగానే మోత ఆగుతోందంటే తప్పు ఎర్తింగ్ దారిలో ఉంది. ఛార్జర్‌ది మూడు పిన్నుల ప్లగ్గయితే ల్యాప్‌టాప్ ఒక చోట, మిక్సర్ మరో చోట ఎర్త్ అవుతాయి. ఆడియో కేబుల్ షీల్డు ఆ రెంటినీ కలిపి వలయం చేస్తుంది. రెండు ఎర్త్‌ల మధ్య కొద్ది మిల్లీవోల్టుల తేడా ఉన్నా షీల్డులో కరెంటు పారుతుంది. మామూలు లైన్ సిగ్నలే దాదాపు 0.3 వోల్టులు, అందుకే ఆ కాస్తా 50 హెర్ట్జ్ మోతగా పెద్దగా వినిపిస్తుంది.

ముందు ల్యాప్‌టాప్, మిక్సర్ రెంటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టి చూడండి. చాలాసార్లు అక్కడే తగ్గిపోతుంది. తగ్గకపోతే మధ్యలో ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టండి. అది పాటను అయస్కాంత క్షేత్రం ద్వారా దాటిస్తుంది, షీల్డు దారిని తెంచుతుంది, కరెంటు ఎర్త్‌ను మాత్రం ముట్టుకోదు.

ఇంకో మాట. చిన్న డిజిటల్ ఆంప్లిఫయర్లలో చాలావాటికి స్పీకర్ మైనస్ తీగ ఎర్త్ కాదు. మోత తగ్గుతుందని దాన్ని ఎర్త్‌కు కలిపితే ఆంప్లిఫయర్ కాలిపోవచ్చు.