చేపల తొట్టెను మోసే బల్ల: దాని బలాన్ని అంచనా వేయడం ఎలా?

కువైత్‌లోని సాల్మియా సముద్రతీరాన 2000లో ప్రారంభమైన సైంటిఫిక్ సెంటరును చూసి వచ్చిన పిల్లలు ఇల్లు చేరగానే కోరే కోరిక ఒకటే: "మనమూ చేపలను పెంచుకుందాం, నాన్నా!" మా అమ్మాయి కూడా అదే కోరింది. తొట్టె కొన్నాము. స్వదేశానికి తిరిగి వెళ్తున్న ఒక మిత్రుడు వదలిన టీవీ బల్ల ఇంట్లో సిద్ధంగా ఉన్నది. దానిపై నేను ఎక్కి నిలబడి చూశాను, కదలలేదు. ఇక భయం లేదనుకొన్నాను.

మూడు నెలలకు ఆ బల్ల అర తలుపు మూతపడడం మానింది. వంగి చూస్తే పైపలక నడిమి భాగం అర సెంటీమీటరు దిగి ఉన్నది. తొట్టెకు ఎదుట, అద్దానికి ముఖం ఆనించి, మా అమ్మాయి కూర్చుని ఉన్నది. ఆ రాత్రికి రాత్రే బకెట్లతో నీరంతా తోడివేశాము. నేను రసాయన శాస్త్రం చదివినవాడినే గాని నిర్మాణ శాస్త్రం చదివినవాడిని కాను. అయినా ఆనాడు చేయవలసి వచ్చిన లెక్కలు హైస్కూలు విద్యార్థికి కూడా అందేవే. వాటిని పాఠకులతో పంచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మొదటి ప్రశ్న: బరువెంత?

100 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు, 45 ఎత్తు గల తొట్టెను తీసుకొందాము. 40 సెంటీమీటర్ల ఎత్తు వరకు నింపితే నీరు సుమారు 160 లీటర్లు, అనగా 160 కిలోలు. అద్దం మందం 8 మిల్లీమీటర్లయితే దాని బరువు 33 కిలోలు. అడుగున నాలుగు సెంటీమీటర్ల మేర పరచిన గులకరాళ్ళు 25 కిలోలు. అవి తొలగించే నీటి బరువు పది కిలోలను తీసివేయాలి. మూత, ఫిల్టరు కలుపుకొంటే మొత్తం సుమారు 210 కిలోలు. 75 కిలోల వడ్ల బస్తాలు మూడింటికి కాస్త తక్కువ! సముద్రపు చేపల తొట్టె అయితే ఉప్పు వల్ల మరో నాలుగు కిలోలు కలుస్తాయి.

కాళ్ళు విరుగుతాయా?

ఈ బరువు వినగానే కాళ్ళు విరుగుతాయేమోనని భయపడతాము. లెక్క వేసి చూద్దాము. అయిదు సెంటీమీటర్ల చదరపు కొయ్య కాలి కోత వైశాల్యం 25 చదరపు సెంటీమీటర్లు. చదరపు సెంటీమీటరుకు 25 కిలోలు మాత్రమే మోస్తుందని ఎంతో జాగ్రత్తగా అనుకొన్నా, ఒక్కొక్క కాలు 625 కిలోలు, నాలుగూ కలిసి 2,500 కిలోలు మోయగలవు. మనకు కావలసినదానికి ఇది పన్నెండు రెట్లు.

కనుక కాళ్ళు నలిగిపోవు. ప్రమాదం మరి మూడు దారుల్లో వస్తుంది: పైపలక వంగడం, బల్ల పక్కకు ఒరగడం, తడికి చెక్క ఉబ్బడం. ఈ మూడింటిలోనూ బల్ల ముందుగా విరగదు, ఆకారం మారుతుంది. అద్దం పెళుసు పదార్థం. కింది ఆధారం కొద్దిగా మెలి తిరిగినా అద్దం దానితోపాటు వంగలేక పగులుతుంది, లేదా మూలలలోని సిలికోను అతుకు విడిపోతుంది. తొట్టె బల్లకు ఉండవలసిన మొదటి గుణం విరగకపోవడం మాత్రమే కాదు, ఆకారాన్ని నిలుపుకోవడం.

వంగుట

మీ పిల్లవాని చెక్క స్కేలును రెండు పుస్తకాలపై పడుకోబెట్టి నడుమ నొక్కండి, సులభంగా వంగుతుంది. దానినే అంచుపై నిలబెట్టి నొక్కండి, వంగదు. వంగుదలను అడ్డగించే శక్తి లోతు యొక్క ఘనాన్ని బట్టి పెరుగుతుంది. రెండు సెంటీమీటర్ల మందం, పది సెంటీమీటర్ల వెడల్పు గల పలక పడుకొన్నప్పటి కంటే నిలబడినప్పుడు 25 రెట్లు గట్టిది. అందుచేత పైపలక కింద ముందూ వెనుకా నిలువుగా పట్టీలు ఉన్నవో లేవో చూడాలి. అలాగే, అదే మొత్తం బరువుకు ఆధారాల మధ్య దూరం రెట్టింపయితే వంగుదల ఎనిమిది రెట్లు అవుతుంది. పొడవైన బల్లకు నడుమ మరొక జత కాళ్ళు అవసరమయ్యేది ఇందుకే.

నేను ఎక్కి నిలబడిన పరీక్ష ఎందుకు తప్పో ఇక్కడే తెలుస్తుంది. మనిషి దిగిపోతాడు; నీరు దిగదు. నిరంతర భారం కింద చెక్క, ముఖ్యంగా పార్టికల్ బోర్డు, నెలల తరబడి కొద్దికొద్దిగా వంగుతూనే ఉంటుంది.

ఒరుగుట

మన ఊళ్ళలోని పాత నులక మంచం గుర్తున్నదా? కోళ్ళు గట్టివే, కాని బిగువు సడలితే మంచమంతా పక్కకు ఊగేది. నాలుగు కర్రల చట్రం ఒరిగి ఏటవాలు అవుతుంది. మూడు కర్రల త్రిభుజం ఒరగదు. కనుక బల్ల వెనుక ఐమూలగా ఒక పట్టీ గాని, అంచులన్నిటికీ బిగించిన ప్లైవుడ్ పలక గాని ఉండాలి.

మరొక పాఠం పెంకుటింటి కప్పు నేర్పుతుంది. వాసాలు దూలం మీద, దూలం గోడ మీద కూర్చుంటాయి. బరువును మేకులు మోయవు. బల్లలోనూ పైపట్టీ కాలి నెత్తిపై కూర్చోవాలి. కాలి పక్కన స్క్రూలతో వేలాడితే బరువంతా స్క్రూలదే.

తేమ

ఇది నా శాస్త్రానికి చెందిన విషయం. చౌక బల్లలలోని పార్టికల్ బోర్డు చెక్క రజనును తరచుగా యూరియా ఫార్మాల్డిహైడ్ రెసిన్‌తో అతికించి చేసినది. తేమ, వేడి కలిస్తే ఈ రెసిన్ బంధాలు నీటి చర్యకు లోనై తెగుతాయి. రజను ఉబ్బుతుంది, ఆరినా పూర్వపు మందానికి రాదు, స్క్రూలు పట్టు కోల్పోతాయి. మన చేతికి వచ్చే పాత సామాను ఏ.సి. ఆపి మూసిన ఇళ్ళలో ఎన్ని కువైత్ వేసవులు గడిపినదో ఎవరికి తెలుసు? నీరు చిందే చోట ఘనమైన కొయ్య గాని, తేమకు తట్టుకొనే ప్లైవుడ్ గాని మేలు. ఇనుప బల్ల అయితే ఉప్పునీరు తగిలే అతుకుల వద్ద తుప్పును గమనించాలి.

ఇంట్లో చేయదగిన పరీక్షలు

1. ఖాళీ బల్ల పైఅంచును చేతితో పక్కకు నెట్టండి. ఊగితే పనికిరాదు.

2. రసమట్టం పొడవునా, అడ్డంగా, ఐమూలగా పెట్టి చూడండి.

3. ఖాళీ తొట్టెను ఉంచి, అంచుల కింద పోస్టుకార్డు దూరుతుందేమో చూడండి. అడుగు అద్దం నేరుగా బల్లపై ఆనే తొట్టెకు థర్మోకోల్ పలక చిన్న హెచ్చుతగ్గులను సర్దుతుంది. వంగిన బల్లను మాత్రం సరిచేయదు. ప్లాస్టిక్ చట్రంపై నిలిచే తొట్టెకు అది వద్దు.

4. ముందు పట్టీ ఈ కొస నుంచి ఆ కొసకు దారం బిగించి కట్టండి. మూడో వంతు నీరు, తరువాత సగం, మరునాడు పూర్తిగా నింపుతూ దారానికీ పట్టీకీ నడుమ సందు కొలవండి. మీటరు పొడవుకు రెండు మిల్లీమీటర్లు నేను పాటించే హద్దు. చేపలను ఆ తరువాతనే వదలండి. నెలకొకసారి మళ్ళీ కొలవండి.

5. అర తలుపు రాసుకొన్నా, అంచు ఉబ్బినా అది హెచ్చరిక. ముందు నీరు తోడండి. కారణం తరువాత వెదకవచ్చు. నీటితో ఉన్న తొట్టెను ఎన్నడూ ఎత్తరాదు.

నేల సంగతి కూడా ఒక మాట. భారతీయ ప్రమాణాలు నివాసపు గదులకు చదరపు మీటరుకు సుమారు 200 కిలోల భారాన్ని నిర్దేశిస్తాయి. మన తొట్టె కింద అది 500 దాటుతుంది. అయితే ఆ బరువు గదిలో కొద్ది చోటుకే పరిమితం గనుక, గట్టి కాంక్రీటు నేలపై గోడ వారగా ఉంచితే ఈ పరిమాణానికి సాధారణంగా చింత లేదు. 400 లీటర్లు దాటిన తొట్టెకు భవన యజమాని ద్వారా ఇంజనీరును అడగడం వివేకం.

మా అమ్మాయి తొట్టె ఇప్పుడు ఒక వడ్రంగి చేసిన కొయ్య బల్లపై ఉన్నది. ప్రతి నెలా మొదటి శుక్రవారం దారం కట్టి కొలిచేది ఆమెయే. ఆ కొలతలు రాసుకొనే నోటుపుస్తకం తొట్టె పక్కనే ఉంటుంది.