సముద్రం లేని తాలూకాకు తుపాను కబురు

అక్టోబరులో బంగాళాఖాతం కదలడం మొదలుపెట్టిందంటే కర్ణాటకలోని పావగడ తాలూకా నుంచి ఉత్తరాలు వస్తాయి. శెనక్కాయ పెరికే రోజులూ తుపాన్ల రోజులూ అక్కడ ఒకటే. ఈసారి వచ్చిన వాటిలో కొన్నింటికి కాస్త వివరంగా జవాబులిస్తున్నాను.

ప్రశ్న: కాయ పెరికి కట్టెతో సహా చేలోనే ఆరబెట్టినాం. టీవీ పెడితే బంగాళాఖాతంలో వాయుగుండం అంటారు. మాకు సముద్రం యాడుంది సార్? ఆ హెచ్చరిక మాకు గూడా చెందుతుందా, తీరంలో ఉండే వాళ్లకేనా?
– ఒక రైతు, వై.ఎన్. హొసకోట

జవాబు: తప్పకుండా చెందుతుంది. మీకు తూర్పు తీరం సుమారు 300 కిలోమీటర్లు, పడమటి తీరమూ దాదాపు అంతే. ఆ దూరం మిమ్మల్ని గాలి నుంచి కాపాడుతుంది, వాన నుంచి కాపాడలేదు. వెచ్చని సముద్రం నుంచి లేచే ఆవిరే తుపానుకు బలం. నేల మీదికి రాగానే ఆ ఆవిరి తగ్గిపోయి కొన్ని గంటల్లోనే గాలి నీరసిస్తుంది. మోసుకొచ్చిన తేమ మాత్రం లోపలి జిల్లాల దాకా వచ్చి కురుస్తుంది.

భారత వాతావరణ శాఖ తుపాను కబురును నాలుగు విడతలుగా ఇస్తుంది. మొదటి సూచన దాదాపు 72 గంటల ముందు వస్తుంది. రెండోది తీరంలో వాతావరణం చెడడానికి కనీసం 48 గంటల ముందు, మూడోది 24 గంటల ముందు. ఈ మూడూ ముఖ్యంగా తీరం వాళ్ల కోసం: పడవలు కట్టేసుకోవడం, జనాన్ని షెల్టర్లకు చేర్చడం, రేవుల్లో ప్రమాద సూచికలు ఎగరేయడం. నాలుగోది మీది. తుపాను తీరం దాటడానికి కనీసం 12 గంటల ముందు దాన్ని విడుదల చేస్తారు. దాటిన తర్వాత ఏ దిక్కుకు పోతుంది, లోపలి జిల్లాల్లో గాలీ వానా ఎలా ఉంటాయి అన్నది అందులో ఉంటుంది. మన టీవీలూ పేపర్లూ ఈ నాలుగో బులెటిన్‌ను పట్టించుకోకపోవడం నాకు చాలా బాధగా ఉంటుంది. కెమెరాలన్నీ బీచి దగ్గర అలలు చూపిస్తుంటాయి. అసలు వాన ఎవరి కళ్లాల మీద పడబోతోందో వాళ్లకు చెప్పేవాళ్లు ఉండరు.

ఇంకో మాట. తుపానుకు పేరు పెట్టారా లేదా అన్నదాన్ని బట్టి ప్రమాదాన్ని కొలవకండి. పేరు గాలి వేగాన్ని బట్టి వస్తుంది. గంటకు 31 కిలోమీటర్లు దాటితే వాయుగుండం, 50 దాటితే తీవ్ర వాయుగుండం, 62కు చేరితే తుపాను. అప్పుడే పేరు. 2021 నవంబరు 19 తెల్లవారుజామున పుదుచ్చేరి, చెన్నైల మధ్య తీరం దాటింది వట్టి వాయుగుండమే. పేరు లేదు. అదే రోజు కడప జిల్లాలో చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, కింది ఊళ్లు కొట్టుకుపోయాయి, పదుల మంది చనిపోయారు. రాయలసీమను ఆ ఏడాది అంతగా ముంచింది పేరైనా లేని వాయుగుండం.

కాబట్టి మీరు చూడాల్సింది వాన అంకె. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ అని లెక్క. ఏడాదంతా కలిపి ఐదారు వందల మిల్లీమీటర్లు పడే మీ తాలూకాలో అతి భారీ వర్షం అంటే ఏడాది వానలో ఐదో వంతు ఒక్క రోజులో పడ్డట్టు. చేలో తడిసిన కాయ మొలకెత్తుతుంది, బూజు పడుతుంది. ఆ బూజులో పుట్టే అఫ్లాటాక్సిన్ విషం మనుషులకూ పశువులకూ చేటు. కట్టె కుళ్లితే ఎండాకాలం మేతా పోయినట్టే. నాలుగో బులెటిన్‌లో మీ వైపు భారీ వర్షం అని ఉంటే పెరకడం ఆపండి. పెరికేసిన దాన్ని మెరక మీద వామి వేసి టార్పాలిన్ కప్పండి.

ప్రశ్న: ఈ కబురు ఎవరు తయారు చేస్తారు? ఢిల్లీలో కూర్చున్నవాళ్లకు ఇన్ని దేశాల సముద్రం ఎలా తెలుస్తుంది?
– ఒక ఉపాధ్యాయురాలు, పావగడ

జవాబు: మీ పిల్లలకు క్లాసులో చెప్పదగ్గ ప్రశ్న ఇది. ప్రపంచ వాతావరణ సంస్థ తుపాన్లు పుట్టే సముద్రాలను పంచి, ఆరు ప్రాంతీయ కేంద్రాలకు అప్పగించింది: మయామి, హొనొలులు, టోక్యో, ఫిజీలోని నాడి, రీయూనియన్ దీవి, న్యూఢిల్లీ. మిగిలిన చోట్లకు ఆస్ట్రేలియా, ఇండోనేషియా వంటి దేశాల్లో హెచ్చరిక కేంద్రాలున్నాయి. బంగాళాఖాతం, అరేబియా సముద్రం ఢిల్లీ లోదీ రోడ్డులోని మౌసమ్ భవన్ బాధ్యత.

ఈ ఏర్పాటు వెనక పెద్ద విషాదం ఉంది. 1970 నవంబరులో అప్పటి తూర్పు పాకిస్తాన్‌ను ముంచిన భోలా తుపానులో మూడు లక్షల మందికి పైగా చనిపోయారు. ఆ తర్వాతే 1972లో ఈ సముద్రాల చుట్టుపక్కల దేశాలు ఒక తుపాన్ల ప్యానెల్‌గా ఏర్పడ్డాయి. ఇప్పుడు అందులో 13 దేశాలు: భారత్, బంగ్లాదేశ్, మయన్మార్, థాయిలాండ్, శ్రీలంక, మాల్దీవులు, పాకిస్తాన్, ఇరాన్, ఒమన్, యెమెన్, ఖతార్, సౌదీ అరేబియా, యుఎఈ. అయినా మన దివిసీమ 1977 నవంబరు 19న ఉప్పెనకు దాదాపు పది వేల మందిని పోగొట్టుకుంది. ఒప్పందం కాగితం మీద ఉంటే సరిపోదు. ఉపగ్రహం, రాడారు, ఊరిదాకా చేరే కబురు, జనం తలదాచుకునే షెల్టరు – అన్నీ ఉండాలి. అవి సమకూరడానికి దశాబ్దాలు పట్టింది.

మౌసమ్ భవన్‌లో పని ఇలా సాగుతుంది. ఇన్‌శాట్ ఉపగ్రహాల చిత్రాలు గంటకు కొన్నిసార్లు దిగుతుంటాయి. మేఘాల సుడి ఆకారాన్ని బట్టి తుపాను బలాన్ని అంచనా కట్టే పద్ధతిని అమెరికన్ శాస్త్రవేత్త వెర్నన్ డ్వొరాక్ 1970లలో తీర్చిదిద్దాడు. ఈనాటికీ అదే ఆధారం. ఓడల కొలతలూ, సముద్రంలో తేలే బాయ్‌ల కొలతలూ వస్తాయి. తీరం దగ్గరికి వచ్చాక చెన్నై, మచిలీపట్నం, విశాఖ డాప్లర్ రాడార్లు చూస్తాయి. వేర్వేరు దేశాల కంప్యూటర్ నమూనాలు గీసిన దారులన్నిటినీ పక్కపక్కన పెట్టి, చివరికి మనిషే నిర్ణయం తీసుకుంటాడు. మామూలు రోజుల్లో ప్యానెల్ దేశాలకు ఢిల్లీ నుంచి రోజుకొక నివేదిక వెళ్తుంది. తుపాను లేచిందంటే మూడు గంటలకొకటి. ఉప్పెన ఎంత ఎత్తు లేస్తుందో లెక్కకట్టడంలో హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్‌దీ ముఖ్యమైన చెయ్యి.

ఒక కట్టుబాటు మాత్రం గమనించండి. ఢిల్లీ మరే ఇతర దేశ ప్రజలకూ నేరుగా హెచ్చరిక ఇవ్వదు. ఆ దేశపు వాతావరణ శాఖకు సలహా పంపుతుంది. తన జనానికి ఏం చెప్పాలో, ఎవరిని తరలించాలో ఆ దేశమే నిర్ణయిస్తుంది. మయామి కేంద్రం కరీబియన్ దీవులతో పాటించే పద్ధతీ ఇదే. 2023 జూన్‌లో బిపర్జాయ్ తుపాను గుజరాత్‌లోని జఖౌ వైపు వస్తున్నప్పుడు అవతల పాకిస్తాన్ సింధ్ తీరం నుంచి కూడా జనాన్ని ఖాళీ చేయించారు. రెండు ప్రభుత్వాల మధ్య మాటలు ఎలా ఉన్నా, తుపాను కబురు ఆగలేదు.

ఈ పొత్తు ఎందుకు కావాలో తెలియాలంటే గులాబ్ కథ చాలు. 2021 సెప్టెంబరు 26న కళింగపట్నం దగ్గర తీరం దాటిన ఆ తుపాను తెలంగాణ, మహారాష్ట్ర, గుజరాత్‌ల మీదుగా నడిచి అరేబియా సముద్రంలో దిగింది. అక్కడ మళ్లీ బలం పుంజుకుంది. షాహీన్ అనే కొత్త పేరుతో అక్టోబరు 3న ఒమన్‌ను కొట్టింది. శ్రీకాకుళంలో తీసిన కొలత మస్కట్‌లో ఉన్నవాళ్లకు అక్కరకొచ్చింది. అక్కడ మన తెలుగువాళ్లు ఎందరో పనిచేస్తున్నారు కదా.

ప్రశ్న: పేర్లు ఎవరు పెడతారు?
– ఎనిమిదో తరగతి విద్యార్థి, వెంకటాపుర

జవాబు: తుపాన్ల ప్యానెల్‌లోని ఆ 13 దేశాలే, ఒక్కొక్కటి 13 పేర్లు ఇచ్చాయి. మొత్తం 169 పేర్ల జాబితా 2020 ఏప్రిల్‌లో విడుదలైంది. ఇంగ్లీషు అక్షరక్రమంలో దేశాల వరుస: బంగ్లాదేశ్ ఇచ్చిన నిసర్గ మొదటిది, మనం ఇచ్చిన గతి రెండోది. ఒకసారి వాడిన పేరును మళ్లీ వాడరు.

ప్రశ్న: మా వాడు హ్యూస్టన్‌లో ఉన్నాడు. అక్కడ తుపాను లోపలికే విమానం పోతుందంట. మన తుపానుకు అమెరికా వాళ్లు చెప్పే గాలివేగం ఎక్కువ, మనవాళ్లు చెప్పేది తక్కువ. ఎవరిది నిజం?
– ఒక అమ్మ, తిరుమణి

జవాబు: విమానాల మాట నిజమేనమ్మా. అమెరికాలో వైమానిక దళ రిజర్వు వాళ్లవీ, వాతావరణ సంస్థవీ ప్రత్యేక విమానాలు హరికేన్ నడిమధ్యకు పోయి కొలతలు తెస్తాయి. బంగాళాఖాతం మీద అలా క్రమంగా ఎగిరే ఏర్పాటు లేదు. ఇక్కడ ఉపగ్రహమూ రాడారే దిక్కు. ఆ ఏర్పాటు మనకూ రావాలని నేను గట్టిగా కోరుకుంటాను.

గాలివేగంలో తేడా ఎక్కువగా కొలతలోనే ఉంది. అమెరికా ఒక నిమిషం సగటు తీస్తుంది, మనం మూడు నిమిషాల సగటు, చాలా దేశాలు పది నిమిషాలది. ఒకే గాలిని తక్కువ సేపటి సగటుగా చూస్తే అంకె పెద్దదవుతుంది. దానికి తోడు ఒక్కోసారి అంచనాల్లోనే తేడా ఉంటుంది. 2013 అక్టోబరులో ఒడిశాకు వచ్చిన ఫైలిన్‌ను పెను తుపాను అని బయటివాళ్లు గట్టిగా చెప్పారు. మనవాళ్లు దానికి ఒక మెట్టు కిందే ఉంచి, ఆ అంచనా మీదే నిలబడ్డారు. అదే సరైందని తేలింది. పెను తుపాను కాదన్నారు కదా అని ఎవరినీ ఊళ్లో ఉండనివ్వలేదు. దాదాపు పది లక్షల మందిని తరలించారు. 1999లో పది వేల ప్రాణాలు పోయిన రాష్ట్రంలో ఈసారి మృతులు కొన్ని పదుల్లోనే ఉన్నారు.

ప్రశ్న: మా ఫోనుకు ఒకసారి కన్నడంలో, ఒకసారి తెలుగులో హెచ్చరిక వస్తుంది. ఒకరు పసుపు రంగు అంటారు, ఇంకొకరు నారింజ అంటారు. ఏది మాది?
– ఒక దుకాణదారు, నాగలమడికె

జవాబు: రంగులు జిల్లావారీగా ఇస్తారు. తుమకూరు జిల్లాకు ఇచ్చేది బెంగళూరు వాతావరణ కేంద్రం, మీ చుట్టూ ఉన్న సత్యసాయి, అనంతపురం జిల్లాలకు ఇచ్చేది అమరావతి కేంద్రం. ఫోను హెచ్చరికలు టవరు పరిధిని బట్టి వస్తాయి కాబట్టి సరిహద్దు ఊళ్లలో ఇలా జరగడం సహజమే. లెక్కప్రకారం మీది బెంగళూరు రంగే. అయితే మీ ఊరు ఉత్తర పినాకిని ఒడ్డున ఉంది. ఆ నది గౌరీబిదనూరు, హిందూపురం వైపు నుంచి మీ దగ్గరికి వచ్చి, పేరూరు డ్యాము వైపు పోతుంది. మీ ఊళ్లో చినుకు పడకపోయినా పైన కురిసిన వాన మీ కాజ్‌వే మీదికి వస్తుంది. కాబట్టి మీరు మాత్రం రెండు రాష్ట్రాల రంగులూ చూడాలి, రెండింట్లో ఏది ఎక్కువ ప్రమాదం చెబితే దాన్ని నమ్మాలి.

కర్ణాటకలో గ్రామ పంచాయతీ స్థాయిలో వాన కొలిచే యంత్రాలున్నాయి. వాటి లెక్కలు బెంగళూరులోని రాష్ట్ర విపత్తు పర్యవేక్షణ కేంద్రానికి చేరతాయి. ఆ కేంద్రం నడిపే ‘వరుణమిత్ర’కు ఫోను చేస్తే మీ వైపు వాన సంగతి చెబుతారు.

ప్రశ్న: వస్తుందన్నారు, కూలోళ్లను పెట్టి వామి కప్పించినాను. చినుకు రాలేదు. ఆ కూలి డబ్బు ఎవరిస్తారు?
– ఒక కౌలు రైతు, పావగడ తాలూకా

జవాబు: మీ కోపం న్యాయమైంది. తుపాను కేంద్రం ఎక్కడ ఉంటుందో 24 గంటల ముందు చెప్పేటప్పుడు సగటున సుమారు 80 కిలోమీటర్లు అటూ ఇటూ అవుతుంది. ఇరవై ఏళ్ల కిందటితో పోలిస్తే ఇది చాలా మేలు. తీరంలో జనాన్ని తరలించడానికి ఈ మాత్రం చాలు. మీ చేనుకు చాలదు. ఆ 80 కిలోమీటర్లలో మీ వాన హిందూపురంలోనో చిత్రదుర్గంలోనో పడిపోతుంది. అందుకే మూడు రోజుల ముందు వినబడే మాటకు కూలీలను పిలవకండి, టార్పాలిన్ మాత్రం సిద్ధం చేసుకోండి. డబ్బు ఖర్చుపెట్టేది తీరం దాటే ముందు వచ్చే ఆ నాలుగో బులెటిన్ చూశాకే. ప్రతి మంగళవారం, శుక్రవారం రైతుల కోసం జిల్లావారీగా వచ్చే వ్యవసాయ వాతావరణ సలహాను కూడా చూడండి. ‘మేఘదూత్’ యాప్‌లో అది తెలుగులోనూ కన్నడంలోనూ ఉంటుంది. ఫోను లేకపోతే రైతు సంపర్క కేంద్రంలో అడగండి.