అచ్చమైన అత్తరు

పాఠ్యభాగములు: నిర్గమకాండము 30:22-25, ప్రసంగి 10:1, యోహాను 12:1-8



పెండ్లి బట్టలకో, క్రిస్మసు బట్టలకో హైదరాబాదు వెళ్లిన మనవారు చార్మినారు చూడక తిరిగి రారు. 1591వ సంవత్సరమున కట్టబడిన ఆ కట్టడము చుట్టును, గుల్జారు హౌజు, పత్తర్‌గట్టీ వైపునను అత్తరు దుకాణములు కలవు. రంజాను నెలలో అచ్చట కాలు పెట్ట సందుండదు. దుకాణదారుడు చేతిమీద రాచిన వాసనకు మురిసి ఒక బుడ్డి కొని తెచ్చుకొనువారు అనేకులు. అయితే తాము కొన్నది ఏమిటో, దానిని ఎట్లు వాడవలెనో ఎరిగినవారు కొద్దిమందియే. కష్టార్జితము ఖర్చుపెట్టునప్పుడు ఈ రెండును తెలిసికొనుట మంచిది.

1. అత్తరు అనగానేమి?

సెంటు సీసాలో ఎక్కువ భాగము ఆల్కహాలు. అది చల్లగానే గుప్పుమని, త్వరలోనే ఎగిరిపోవును. అత్తరు నూనె. అది ఒంటి వేడికి మెల్లగా విచ్చుకొని గంటల తరబడి నిలుచును. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజు పట్టణము దీనికి పేరుపడినది. అచ్చట పెద్ద రాగి పాత్రలో పూలును నీళ్లును పోసి, మూత చుట్టు మట్టి మెత్తి, క్రింద మంట పెట్టుదురు. ఆవిరి వెదురు గొట్టము ద్వారా చల్లని నీళ్లలో ఉంచిన మరియొక పాత్రలోనికి దిగును. అందులో ముందే పోసియుంచిన గంధపునూనె ఆ వాసనను పట్టుకొనును. నీటిని తీసివేసి, క్రొత్త పూలు వేసి, అనేక దినములు ఈలాగే చేయుదురు. గులాబి, మల్లె, వట్టివేరు మాత్రమేగాక, కాల్చిన మట్టినుండి తొలకరి వాసనగల అత్తరును కూడ తీయుదురు.

మోషే చేయవలసిన అభిషేక తైలములో 500 తులముల గోపరసము మొదలగువాటితోపాటు ఒలీవ నూనె కూడ చెప్పబడియున్నది. వాసనను మోయుటకు మంచి నూనె కావలెను.

2. దానిని ఎట్లు ఎంచుకొనవలెను?

గంధపునూనె ధర మిక్కిలి పెరిగినందున నేడు అనేక అత్తరులలో చవుక నూనెలే ఉండును. వాసనయు రసాయనములతో చేసినదే. అట్టిదానిని ఉన్నదున్నట్లు చెప్పి అమ్ముట తప్పు కాదు. దానికి అచ్చమైన పూల అత్తరు అని పేరు పెట్టుటయే మోసము. ప్రసంగి చెప్పిన చచ్చిన ఈగల వలెనే, చిన్న అబద్ధము బుడ్డి అంతటిని పాడుచేయును. కాబట్టి “ఇది పూలనుండి తీసినదా, కలిపి చేసినదా?” అని అడుగుడి. తులమనగా సుమారు 11.66 గ్రాములు. అచ్చమైన గులాబి అత్తరు తులము కొద్ది రూపాయలకు రానేరదు.

చేతి వెనుక ఒక చుక్క రాయించుకొని, వెంటనే కొనక, అరగంట బజారులో తిరిగి మరల వాసన చూడుడి. మొదటి గుప్పుకంటె తరువాత నిలిచినదే దాని నిజ స్వభావము.

3. ఎట్లు పూసికొనవలెను?

మొదట మోచేతి లోపల కొంచెము రాసి ఒక దినము చూడుడి. దద్దురు లేచినయెడల మానుకొనుడి. స్నానమైన తరువాత మణికట్టుమీదను, చెవి వెనుకను ఒక్కొక్క చుక్క చాలును. కొందరు దూదికి అద్ది చెవి మడతలో పెట్టుకొందురు. తెల్లబట్టలమీద మరక పడును, జాగ్రత్త. వేసవికి వట్టివేరు, మట్టి, మల్లె; చలికాలమునకు హీనా, ఊదు వాడుట వాడుక. బుడ్డిని బిగించి, ఎండ తగులని చోట, పిల్లలకు అందకుండ ఉంచుడి.

మన చిన్న ప్రార్థన మందిరములలో ఉబ్బసము గలవారు, చంటిబిడ్డలు మన ప్రక్కనే కూర్చుందురు. ఘాటైన వాసన వారికి ఊపిరాడనియ్యదు. మన అలంకారము పొరుగువానికి బాధ కాకూడదు.

4. మరియ బుడ్డి

బేతనియలో మరియ తెచ్చినది అచ్చ జటామాంసి అత్తరు. జటామాంసి హిమాలయపు కొండలలో పెరుగు మొక్క. దాని వేరునుండి తైలము తీయుదురు. ఆమె అత్తరు వెల 300 దేనారములు. ఒక దేనారము దినకూలి గనుక (మత్తయి 20:2), అది ఇంచుమించు ఒక సంవత్సరపు కష్టము. చుక్క చాలునని మనము నేర్చుకొంటిమి. ఆమె మిక్కిలిగా పోసెను. ఇందులో విరోధము లేదు. ఆమె తనకొరకు పూసికొనలేదు. ప్రభువు పాదములకు పూసెను. ఇల్లంతయు ఆ వాసనతో నిండెను.

మనకొరకు చుక్కలు లెక్కపెట్టుదము. ప్రభువునకును, ఆయన ప్రేమించిన బీదలకును ఇచ్చునప్పుడు లెక్కపెట్టకుందము.

ఆలోచించుటకు ప్రశ్నలు:

1. మన మాటలో మొదటి గుప్పు ఏది? అరగంట తరువాత నిలుచునది ఏది?
2. మన వ్యాపారములో చచ్చిన ఈగ ఏది?
3. మన యింట దాచియుంచిన బుడ్డి ఏది? అది ఎవరికొరకు?